సాంచెల గల్లీ నుంచి లోహగడ్ మెట్ల దాకా

నేను కొండల్లో యోగా శిబిరాలు నడుపుతానంటే మా గల్లీలో ఇప్పటికీ నవ్వేవాళ్లున్నారు. "సోలాపూర్‌ల పుట్టి, సాంచెల చప్పుడుల పెరిగి, మందిని కొండలెక్కిచ్చుడేందమ్మా?" అంటారు. వాళ్ల మాటా నిజమే. మాది ఎండాకాలంలో నిప్పులు చెరిగే బయలు నేల. చిన్నప్పుడు నాకు తెలిసిన ఎత్తు మిల్లు పొగగొట్టం ఒక్కటే.

నాయిన మిల్లులో కార్డింగ్ ఖాతాలో పని చేసేవాడు. పత్తిని దువ్వే చోటు కాబట్టి గాలంతా దూది నుసి. వారపు సెలవు అయిపోయి డ్యూటీకి పోయిన మొదటి రోజు సాయంత్రానికి ఛాతీ పట్టేసేది. మర్నాటికి కొంచెం తేలికయ్యేది. ఇది మా నాయిన ఒక్కడి కథ కాదు. పత్తి మిల్లులున్న ఎన్నో దేశాల్లో డాక్టర్లు రాసిపెట్టిన జబ్బు, పేరు బిస్సినోసిస్. మొదట్లోనే ఆ నుసికి దూరమైతే తగ్గుతుంది. ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకు మాత్రం ఉండిపోతుంది. మిల్లు మూతపడ్డాక నాయిన మరమగ్గాల కారఖానాకు మారాడు. అక్కడా నుసే. అమ్మ ఒళ్లో చాట పెట్టుకుని పొద్దుందాకా బీడీలు చుట్టేది. లేచేటప్పుడు గోడ పట్టుకుని లేచేది.

అమ్మ నడుము కోసమే నేను మొదట యోగా క్లాసుకు పోయాను. బడి మైదానంలో రిటైరైన ఒక మరాఠీ మాస్టారు పొద్దున్నే పైసా తీసుకోకుండా నేర్పేవారు. నేను నేర్చుకుని ఇంటికొచ్చి అమ్మకు చూపించేదాన్ని. తర్వాత పక్కింటి వదినలు, అత్తమ్మలు కూడారు. ఒక రోజు మాస్టారే అన్నారు: "నువ్వు సరిగా చదువుకో. తెలిసీ తెలియక నేర్పితే నడుములు విరుగుతయ్."

అమ్మ భిశీ ఎత్తి ఆ డబ్బు నా చేతిలో పెట్టింది. నేను బట్టలు కుట్టి దాచుకున్నది కలిపాను. 2011లో లోనావళాలోని కైవల్యధామలో సర్టిఫికెట్ కోర్సుకు పోయాను.

ఆ సంస్థను స్వామి కువలయానంద 1924లో స్థాపించారు. యోగాను నమ్మకం మీద వదిలేయకుండా, ఆసనం వేసినప్పుడు, ఊపిరి బిగబట్టినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో యంత్రాలు పెట్టి కొలిచి చూసిన మనిషి ఆయన. ఆ ఫలితాలు అచ్చు వేయడానికి అదే ఏడాది 'యోగ మీమాంస' అనే పత్రిక మొదలుపెట్టారు. అక్కడ నేను నేర్చుకున్న వాటిలో నాకు ఎక్కువగా పనికొచ్చింది, ఏ ఆసనం ఎవరికి వద్దో తెలుసుకోవడం. బీపీ, గుండెజబ్బు, హెర్నియా ఉన్నవాళ్లతో కపాలభాతి చేయించకూడదు. మోకాలు అరిగినవాళ్లను వజ్రాసనంలో కూర్చోమని బలవంతం చేయకూడదు.

లోనావళా సముద్రమట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తులో ఉంది. చుట్టూ సహ్యాద్రి కొండలు. సోలాపూర్‌లో ఏడాదంతా పడే వానకు ఎన్నో రెట్లు అక్కడ ఒక్క వానాకాలంలోనే పడుతుంది. మొదటి వారం నాకు నిద్ర పట్టలేదు. సాంచెల చప్పుడు లేని రాత్రి నాకు అప్పటిదాకా తెలియదు.

కోర్సు అయిన కొన్నేళ్లకు ఆ చుట్టుపక్కల ఒక రిసార్టువాళ్లు పిలిచారు. శని, ఆదివారాల్లో ఊళ్లనుంచి వచ్చేవాళ్లకు ఆసనాలు వేయించాలి, తెల్లవారుజామున కొండెక్కించాలి. రెండు రోజులకు ఇచ్చింది నేను నెలంతా కుట్టినా రానంత. ఆశపడ్డాను.

మూడో శిబిరంలోనే తప్పు చేశాను. సూర్యోదయం అందుకోవాలని అందరినీ వేగంగా నడిపించాను. పైకి పోగానే కపాలభాతి మొదలుపెట్టించాను. యాభై దాటిన ఒకాయనకు కళ్లు తిరిగి, చెమటలు పట్టి రాతి మీద కూలబడ్డాడు. ఆయనకు బీపీ ఉంది. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అడగొద్దని నాకు ముందే చెప్పారు, జబ్బుల సంగతి తీస్తే వచ్చినవాళ్లు బెదురుతారట. ఆయనను కిందికి దించడానికి రెండు గంటలు పట్టింది. ప్రాణానికేమీ కాలేదు. కానీ ఆ రెండు గంటలూ నాకు నాయిన దగ్గే వినపడింది. ఇంట్లో ఆయన ఊపిరి చూసుకుంటూ పెరిగినదాన్ని, బయటివాళ్ల ఊపిరి చూడకుండా పరుగెత్తించాను.

ఆ పని వదిలేశాను. మళ్లీ కుట్టు మిషన్ ఎక్కాను. ప్రథమ చికిత్స నేర్చుకున్నాను. ఆయుష్ మంత్రిత్వ శాఖ కింద యోగా టీచర్లకు జరిపే సర్టిఫికేషన్ పరీక్ష రాశాను. సెలవు దొరికినప్పుడల్లా లోహగడ్ కింద ఉన్న లోహగడ్‌వాడీకి పోయి, ఆ ఊరివాళ్లతో కలిసి దారులన్నీ నడిచాను. ఏ మెట్టు జారుతుందో, నీళ్లెక్కడ దొరుకుతాయో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆ తర్వాతే సొంతంగా శిబిరాలు మొదలుపెట్టాను. పన్నెండు మందికి మించి తీసుకోను. ముందే బీపీ, షుగరు, ఆయాసం, మోకాళ్ల సంగతి అడుగుతాను. అందరికన్నా మెల్లగా నడిచేవాళ్లు ముందుండాలి, మిగతావాళ్లు వాళ్ల వెనకే.

నాలుగేళ్లు బయటి ఊళ్లవాళ్లనే తీసుకుపోయాను. ఒక రాత్రి అమ్మ అన్నం పెడుతూ అంది: "ఎవలెవల్నో తీస్కపోతవ్. మమ్ముల ఎప్పుడు తీస్కపోతవ్ బిడ్డా?" నా దగ్గర జవాబు లేదు.

ఆ డిసెంబరులో మా గల్లీ ఆడవాళ్లు తొమ్మిది మంది, అమ్మ, నాయిన, మొత్తం పదకొండు మందిని తీసుకుని రైలెక్కాను. సోలాపూర్ నుంచి పుణె సుమారు 260 కిలోమీటర్లు. పుణెలో లోనావళా లోకల్ ఎక్కి, లోనావళాకు ముందు స్టేషను మళవలీలో దిగాం. కడక్ రొట్టెలు, పల్లీ చట్నీ మూటలు కట్టుకునే వచ్చారు అందరూ.

మొదటి రోజు భాజే గుహలు చూశాం. క్రీస్తు పూర్వం రెండో శతాబ్దం నుంచి కొండను తొలిచి కట్టుకున్నవి. భిక్షువుల గదుల్లో పడుకునే అరుగులు కూడా రాతిలోనే చెక్కారు. బౌద్ధ భిక్షువులు ఏడాదంతా తిరిగినా, వానాకాలం మూడు నెలలు ఒకచోటే ఉండి ధ్యానం చేసుకోవాలని నియమం. దాన్ని వర్షావాసం అంటారు. అంటే పని ఆపి కొండ దగ్గర కొన్నాళ్లు ఉండడం ఇప్పటి రిసార్టులు కనిపెట్టిన సంగతి కాదు. మా వదిన ఒకామె ఆ రాతి అరుగు మీద పడుకుని, "మా ఇంట్ల గింత జాగ గూడ లేదు" అంది. అందరం నవ్వాం.

మర్నాడు లోహగడ్. ఎత్తు 1033 మీటర్లు. హిమాలయాల్లో 2500 మీటర్లు దాటితే గాలి పలచబడి తలనొప్పి, వాంతులు పట్టుకుంటాయి. ఇక్కడ ఆ భయం లేదు, మెట్లు జారడమే భయం. లోహగడ్‌వాడీ దాకా బండి పోతుంది. అక్కడినుంచి మెట్లు. గణేశ్, నారాయణ్, హనుమాన్, మహా అని నాలుగు దర్వాజాలు. శివాజీ 1648లో ఈ కోటను తీసుకుని, 1665లో పురందర్ ఒప్పందంలో మొగలులకు వదులుకుని, 1670లో మళ్లీ గెలుచుకున్నాడు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన పన్నెండు మరాఠా కోటల్లో ఇదీ ఒకటి.

నాయినను రావొద్దన్నాను. వినలేదు. పది మెట్లెక్కడం, ఆగడం, పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా ఊపిరి వదలడం. అలా గణేశ్ దర్వాజా దాకా వచ్చి నీడలో కూలబడ్డాడు. పంపు తీసి పీల్చాడు. ఇక చాలు, అందరం దిగుదాం అన్నాను. ఆయన చెయ్యి ఊపాడు.

"పోగు తెగితే సాంచె ఆపుతం. ముడేసి మల్ల నడుపుతం. కారఖాన బంద్ చేస్తమా? నేనీడ కూసుంట. నువ్వు వాళ్లను తీస్కపో."

ఊరినుంచి మాతో వచ్చిన పిల్లవాణ్ని నాయిన దగ్గర కూర్చోబెట్టి, మిగతా వాళ్లతో పైకి పోయాను. అమ్మ గోడ పట్టుకునే ఎక్కింది, కానీ చివరిదాకా ఎక్కింది. తేలుకొండిలా సాగిన కొండకొసను వించూకాటా అంటారు. దాన్ని చూస్తూ అందరం పావుగంట మాట్లాడకుండా కూర్చున్నాం. ఆ రోజు నేను వేయించిన యోగా అంతే. దిగేసరికి నాయిన ఆ పిల్లవాడికి మగ్గం సంగతులు మరాఠీలో చెబుతున్నాడు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. నాయిన దగ్గు పోలేదు. పంపు మానలేదు. ఊపిరితిత్తుల్లో పేరుకున్న నష్టాన్ని ఏ ప్రాణాయామమూ తుడిచేయలేదు. మెల్లగా ఊపిరి వదలడం నేర్చుకుంటే ఆయాసం వచ్చినప్పుడు కంగారు తగ్గుతుంది, అంతే. మందులు మానెయ్యమని చెప్పే యోగా టీచరు దగ్గరికి పోకండి. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం, కారఖానాలో కిటికీలు తీయించడం ఆసనాలకన్నా ముందు చేయాల్సిన పనులు.

మీలో ఎవరైనా పోదలుచుకుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పోండి. శని, ఆదివారాలు వద్దు, మెట్ల మీద మంది తొక్కిడి. వానాకాలం చూడ్డానికి బాగుంటుంది గానీ పెద్దవాళ్లతో వద్దు. హవాయి చెప్పులు కాకుండా పట్టున్న బూట్లు వేసుకోండి. నీళ్లు, మందులు దగ్గరుంచుకోండి. భోజనం లోహగడ్‌వాడీలో ఏదో ఒక ఇంట్లో చెప్పుకుంటే పిఠ్లా, భాకరీ వేడిగా పెడతారు.

ఇప్పుడు ఏటా డిసెంబరులో ఒక శిబిరం మా గల్లీవాళ్లకే. బయటివాళ్ల శిబిరాల్లో మిగిలిన దాంట్లోంచి రైలు ఛార్జీలు పెడతాను, తిండి ఎవరి మూట వాళ్లదే. పోయినసారి నాయిన నారాయణ్ దర్వాజా దాకా వచ్చాడు. ఈసారి గణేశ్ దర్వాజా దగ్గరే ఆగినా సరే, ఆయన కూర్చునే చోటు అక్కడ ఉంది.