తొక్కలోనే బలం

"తొక్కలోనే బలముంటుందే" అనేది మా అమ్మ. ఆ మాట పట్టుకుని కవాడిగూడలో కాపురం పెట్టిన నాటి నుంచీ బీరపొట్టు పచ్చడి చేస్తున్నాను, యాపిల్ తొక్క తీయనివ్వను.

మా అమ్మాయి పదో తరగతి. ఆదివారం పొద్దున్నే వాళ్ల నాన్నతో ఇందిరా పార్కులో పరుగెత్తి వస్తుంది. బయల్దేరే ముందు చిక్కడపల్లి మార్కెట్లో కొన్న యాపిల్ ఒకటి చేతిలో పెట్టేదాన్ని. చలికాలంలో రెండుసార్లు ఒళ్లంతా దద్దుర్లతో తిరిగొచ్చింది. "నాకు యాపిల్ పడట్లేదేమో అమ్మా" అంది.

"రోజూ స్కూల్లో తింటున్నావుగా, అప్పుడు రానివి ఇప్పుడెందుకొస్తాయి? పరుగు ఎగ్గొట్టడానికి సాకు" అన్నాను.

మూడోసారి పెదవులు వాచాయి, ఊపిరి అందలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఇంజెక్షన్ ఇచ్చాక తేరుకుంది.

తర్వాత ఎలర్జీ డాక్టరమ్మ అడిగారు, "పరుగెత్తే ముందు ఏం తింది?"

"యాపిల్, తొక్కతో సహా" అన్నాను, గొప్పగానే.

రక్తపరీక్ష చేయించి, ఆవిడ ఓపిగ్గా చెప్పారు. మొక్కల్లో లిపిడ్ ట్రాన్స్‌ఫర్ ప్రోటీన్ అని చిన్న ప్రోటీన్ ఉంటుందట. లిపిడ్లంటే కొవ్వులు. బూజు తెగుళ్ల నుంచి మొక్కను కాచే కాపలాదారు కూడా అదే. అందుకే యాపిల్, పీచ్ లాంటి పండ్లలో గుజ్జులో కంటే తొక్కలో ఎక్కువ. ఇటలీ, స్పెయిన్ వైపు పీచ్ పండుతో ఈ ఎలర్జీ చాలామందికి వస్తుందట. తిని ఊరికే కూర్చుంటే ఏమీ కాకపోవచ్చు. తిన్నాక పరుగెత్తినా, కొన్ని నొప్పి మాత్రలు వేసుకున్నా ఒక్కసారిగా ముంచుకొస్తుంది.

మా అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం!

"పోనీ, ఉడికించి పెట్టనా?" అన్నాను. లాభం లేదట. దాన్ని నాలుగు గట్టి ముడులు పట్టి ఉంచుతాయి. పొయ్యి వేడికి గానీ, కడుపులోని ఆమ్లానికి గానీ తేలిగ్గా విడిపోదు. తొక్క తీసినా గుజ్జులో కొంత ఉంటుంది. యాపిల్ మాన్పించేశాం.

ఆ రాత్రి దాని మంచం మీద కూర్చుని, "నీ మాట వినలేదు, తప్పు నాదే" అన్నాను. "పోనీలే అమ్మా" అని అటు తిరిగి పడుకుంది. ఆ "పోనీలే" నాకింకా గుచ్చుకుంటూనే ఉంది.

మొన్న ట్యాంక్‌బండ్ మీద కాల్చిన మొక్కజొన్న కంకి కొరికి, "నోరు దురదగా ఉందమ్మా" అంది. మొక్కజొన్నలోనూ ఆ ప్రోటీన్ ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పారు. ఈసారి నేనేమీ వాదించలేదు. కంకి తీసి పక్కన పెట్టి, నీళ్లిచ్చి, డాక్టరమ్మకి ఫోన్ కలిపాను.