పాయింట్లతో దొరికిన గది

భాయీజాన్ కుమార్తె నికాహ్ ముషీరాబాద్‌లో జరిగింది. విజయవాడ నుండి మేము ఐదుగురం బయలుదేరాలి: అమ్మీ, మేమిద్దరం, పిల్లలిద్దరు. భోలక్‌పూర్‌లోని భాయీజాన్ ఇల్లు రెండు గదులదే. అప్పటికే బంధువులతో నిండిపోయింది. ఇక హోటల్ తప్పలేదు.

మా ఖాతాలో మారియట్ బాన్వాయ్ పాయింట్లు ఉన్నాయి. ఆఫీసు ప్రయాణాల్లో కూడినవి. అవి మావా, సంస్థవా అన్న సందేహం ముందుగా తీరాలని యాజమాన్యాన్నే అడిగాము. వాడుకోమన్నారు. 24 నెలలు ఖాతాలో కదలిక లేకపోతే అవి ఎలాగూ రద్దవుతాయి.

హైటెక్ సిటీ వైపు ఒక హోటల్ తక్కువ పాయింట్లకే దొరికింది. మనసు అటే లాగింది. పరేడ్ గ్రౌండ్ వద్ద మెట్రో మారి, 2020లో ప్రారంభమైన జేబీఎస్–ఎంజీబీఎస్ మార్గంలో ముషీరాబాద్ చేరవచ్చు. కానీ విందు ముగిసే వేళకు మెట్రో ఉండదు. అందుకే ఎక్కువ పాయింట్లు పోయినా ట్యాంక్‌బండ్ పక్కనే రెండు గదులు ఖాయం చేసుకున్నాము. పాయింట్లతో వరుసగా ఐదు రాత్రులుంటే ఒక రాత్రి ఉచితమట! మాకు కావలసినవి రెండే.

భాయీజాన్‌కు ఫోన్ చేసి చెప్పాము. చాలాసేపు మౌనంగా ఉండి, "నా ఇల్లుండగా అమ్మీ హోటల్‌లోనా?" అన్నారు. ఇన్ని లెక్కలు వేసిన మాకు ఆ మాటే తట్టలేదు.

గడువులోగా రెండో గది రద్దు చేశాము. ఆ పాయింట్లు తిరిగి వచ్చాయి. నికాహ్ రోజు ఫజర్ తరువాత మేము భోలక్‌పూర్ చేరేసరికి, వాకిలి పక్క మంచం మీద అమ్మీ కూర్చుని ఉన్నారు. పెళ్లికూతురు ఆమె మోకాళ్లకు నూనె రాస్తోంది.