శిఖంలో శరత్తు

దసరా సాయంత్రం తెలంగాణ పల్లెల్లో ఊరంతా పొలిమేర వైపు కదులుతుంది. జమ్మి తెంపుకోవడం ఒక పని, పాలపిట్టను చూడటం ఇంకో పని. పెద్దవాళ్లు కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కరెంటు తీగల వెంట వెతుకుతారు. పిల్లలు చేనుగట్ల మీద ముందుకు ఉరుకుతారు. ఎవరో ఒకరు "అగో, అగో" అంటారు. కూర్చున్నంతసేపు మామూలుగా ఉన్న పిట్ట రెక్క విప్పేసరికి ఆ నీలం చూసి అందరూ ఒక్కసారి ఆగిపోతారు. ఒక పిట్టను చూడటం కోసమే ఇన్ని లక్షలమంది ఇల్లు కదిలే రోజు మన పండుగల్లో ఇంకోటి లేదు. ఈ ఆచారం పెట్టినవాళ్లు ఎవరోగానీ వాళ్లకు ఋతువు బాగా తెలుసు. ఆశ్వయుజ దశమి నాటికి వానలు వెనక్కి తగ్గుతాయి. చేలల్లో పురుగు పుష్కలంగా ఉంటుంది. తీగల మీద, మోడుల మీద కూర్చుని వేటాడే పాలపిట్టకు అది మంచి కాలం.

ఇదే నమ్మకాన్ని సొమ్ము చేసుకోవడానికి కొందరు పాలపిట్టలను పట్టి, పంజరంలో పెట్టి, నగరంలో గుడుల ముందు చూపిస్తారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. పంజరంలో చూసినదాన్ని దర్శనం అనుకోకూడదని ఇంట్లో పిల్లలకు చెప్పాలి. ఊరు దాటి పోయి వెతికి చూడటంలోనే ఆ పండుగంతా ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, పాలపిట్టను చూసి జనం ఇళ్లకు మళ్లాక, ఉత్తరాన వేల కిలోమీటర్ల అవతలి నుంచి వచ్చే పిట్టలు చీకట్లో మన చెరువుల మీదికి దిగుతుంటాయి. వాటికోసం పొలిమేర దాకా వెళ్లేవాళ్లు చాలా కొద్దిమంది. దశమి నాటి ఆ చూపు కార్తీకం, మార్గశిరం దాకా సాగాలని నాకు గట్టి కోరిక.

వీటిని మనం విదేశీ పక్షులంటాం, చలికాలపు చుట్టాలంటాం. నెలలు లెక్కపెడితే ఆ మాట నిలవదు. తమ మోకాలి లోతు నీళ్లలోనైనా, నీళ్లు తీసిన బురదలోనైనా ముక్కుతో పొడుచుకుంటూ తిరిగే ఉల్లంకి పిట్టల్లో ఒక రకం ఉంది. వీపు మీద తెల్ల చుక్కలు, కళ్ల మీద తెల్లని గీత, అరవై గ్రాముల బరువు. గుడ్లు పెట్టేది సైబీరియా, స్కాండినేవియాల చిత్తడి అడవుల్లో. జులై ఆఖరుకే మొదటి పిట్టలు మన చెరువుల్లో కనిపిస్తాయి. ఏప్రిల్ చివరిదాకా ఉంటాయి. రానూపోనూ ప్రయాణం తీసేస్తే ఉత్తరాన అవి గడిపేది రెండు నెలలకు అటూ ఇటూ. గుడ్లు పొదిగి, పిల్లలు లేచేదాకా మాత్రమే అక్కడ పని. మిగతా బతుకంతా మన బురదలో. కాన్పుకు పుట్టింటికి వెళ్లి వచ్చే కోడలిని ఏ అత్తింటివాళ్లూ పరాయి మనిషి అనరు కదా.

ఇంకో సంగతి నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది. పెద్ద పిట్టలు ముందు బయల్దేరి వచ్చేస్తాయి. ఆ ఏడు పుట్టిన పిల్లలు తర్వాత, తమంతట తాము వస్తాయి. దారి చూపే తల్లి లేదు, తండ్రి లేడు. సెప్టెంబరులో చెరువు అంచున, ఈకల అంచులింకా అరగని కొత్త పిట్టను చూస్తే, పుట్టి మూడు నెలలైనా నిండని ఆ ప్రాణి ఈ కుంటను ఎట్లా పట్టుకుందో అనిపిస్తుంది. నక్షత్రాల అమరిక, భూమి అయస్కాంత శక్తి దారి చూపుతాయని శాస్త్రం చెబుతుంది. ఆ వివరణ తెలిశాక నాకు ఆశ్చర్యం పెరిగిందే తప్ప తగ్గలేదు.

చాతకం కథ దీనికి తలకిందులు. తొలకరితో దక్కన్‌లో కనిపించే చాతకాల్లో చాలావరకు ఆఫ్రికా నుంచి సముద్రం దాటి వచ్చినవే. వేరే పిట్టల గూళ్లలో గుడ్లు పెట్టి, శరత్తులో తిరిగి వెళ్లిపోతాయి. ఇక్కడ ఉండేది నాలుగు నెలలే. అయినా చాతకాన్ని మన కవులు మనదాన్ని చేసుకున్నారు. తొమ్మిది నెలల దాకా ఉండే ఉల్లంకి పిట్టకు ఆ భాగ్యం దక్కలేదు.

వికారాబాద్ దాటాక జొన్న చేల పక్కన గొర్లు కాస్తున్న ఒక అవ్వ నా మెడలో బైనాక్యులర్స్ చూసి "ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా?" అని అడిగింది. గులాబీ రంగు ఒళ్లు, నల్ల తల ఉన్న గోరువంకల మంద ఒకటి అప్పుడే తుమ్మల మీద వాలింది. అటు చూపించాను. "గవా? గవి వినాయక చవితికి ఒస్తయి, ఉగాది దాటంగనె పోతయి. జొన్నకు కావలి తప్పది" అంది. ఆ గోరువంకలు గుడ్లు పెట్టేది మధ్య ఆసియా మైదానాల్లో, మిడతలు లేచే కాలంలో. ఆ సంగతి అవ్వకు తెలియాల్సిన అవసరం రాలేదు. అవి మన దగ్గర ఎన్నాళ్లుంటాయో మాత్రం ఆమెకు రెండు పండుగల మధ్య లెక్క ఉంది. నా డైరీలో రాసుకున్న తేదీలకన్నా ఆ లెక్క నాకు ఎక్కువ నచ్చింది.

చెరువు దగ్గర చూడాల్సింది నీళ్లను కాదు, నీళ్లు విడిచిన నేలను. వానాకాలం చివర మత్తడి దూకే చెరువు చూడ్డానికి అందంగా ఉంటుంది. కానీ ఆ నిండుతనంలో ఉల్లంకి పిట్టలకు కాలు మోపే చోటు ఉండదు. తూము తెరిచి పొలాలకు నీళ్లు వదిలే కొద్దీ, ఎండకు నీళ్లు ఇంకే కొద్దీ ఆ నేల, అంటే శిఖం, బయటపడుతుంది. రోజుకు ఒక వేలెడు వెడల్పున తేలే ఆ కొత్త బురదలో పురుగులు, నత్తలు, చిన్న గుల్లలు ఉంటాయి. నీళ్లు వెనక్కి నడిచినంత మేరా పిట్టలు దాని వెంటే నడుస్తాయి. ఒక్కో రకం ముక్కు ఒక్కో పొడవు, ఒక్కో రకం కాలు ఒక్కో ఎత్తు. అందుకే ఒకే అంచున నాలుగు రకాలు కొట్లాట లేకుండా మేస్తాయి. తోకాడించే పసుపు పిట్టలు పొడి బురద మీద, ఉల్లంకులు తడి బురదలో, పొడుగు కాళ్లవి నీళ్లలో. బాతులు ఇంకా లోపల. బాతుల్లో అందరికన్నా ముందు వచ్చేది కంటి మీద తెల్ల కనుబొమ్మ ఉండే చిన్న బాతు. సూదితోక బాతులు, చెంచా ముక్కు బాతులు దాని వెనక వస్తాయి. చలి ముదిరాక సింగూరు, మంజీరా వైపు తల మీద రెండు నల్ల పట్టీలున్న పెద్ద బాతులు దిగుతాయి. హిమాలయాలు దాటేటప్పుడు ఇవి 7,000 మీటర్ల ఎత్తు కూడా దాటినట్టు, వాటికి కట్టిన పరికరాలు నమోదు చేశాయి.

కొండల మీద పద్ధతి వేరు. అక్కడ ముందు చెవి పని చెయ్యాలి. వికారాబాద్ దగ్గరి అనంతగిరిలో అక్టోబరు ఉదయం చెట్ల పైకొమ్మల్లో రెండు ముక్కల సన్నని పిలుపు వినిపిస్తుంది. ఆ అరిచేది ఎనిమిది గ్రాముల ఆకుపచ్చ పిట్ట. కళ్లకు దొరకడం కష్టం, ఆకుల్లో ఆకుగా కలిసిపోతుంది. వచ్చిన నాటి నుంచి కొన్ని చెట్లను తనవి చేసుకుని, వేరే పిట్టను రానీయకుండా చలికాలమంతా అరుస్తూ కాపలా కాస్తుంది. దక్షిణాది అడవుల్లో ఈ పిట్టల కాళ్లకు ఉంగరాలు తొడిగి చూసిన పరిశోధకులకు, అవే పిట్టలు మరుసటి ఏడు అవే చెట్లకు తిరిగిరావడం కనిపించింది. అంటే ఆ కొండ మీద ఫలానా చెట్టు కొట్టేస్తే, ఎక్కడో ఉత్తరాన ఉన్న ఒక పిట్ట ఇల్లు కూలినట్టే లెక్క.

అనంతగిరి మీద కురిసిన వానే మూసీ అయి గండిపేటకు వస్తుంది. 1908 వరద తర్వాత, హైదరాబాద్ నగరాన్ని కాపాడటానికి అక్కడ కట్టిన ఉస్మాన్ సాగర్ జలాశయం 1920లో పూర్తయింది. కొండ మీది ఆకుపచ్చ పిట్టకూ, కింద జలాశయం అంచున ఉల్లంకి పిట్టకూ ఒకే వాన ఆధారం. అందుకే నేను రెండు చోట్లనూ విడివిడిగా చూడలేను.

ఈ శరత్తు రోజుల్లోనే పొన్నంకి పిట్టలు మధ్య భారతపు కొండల నుంచి దక్షిణానికి, శ్రీలంక దాకా రాత్రిళ్లు ప్రయాణం చేస్తాయి. తొమ్మిది రంగుల ఆ పిట్ట దారిలో అలసిపోయి, దీపాల వెలుతురుకు తికమకపడి, నగరంలో ఏ బాల్కనీలోనో పడిపోవడం మామూలే. మీ ఇంట్లో పడితే నీళ్లు నోట్లో పొయ్యకండి, ఫొటోలకోసం చేతులు మార్చకండి. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో, చీకట్లో, చప్పుడు లేని చోట ఉంచండి. తేరుకుంటే సాయంత్రం చెట్ల దగ్గర వదలండి. దెబ్బ తగిలినట్టుంటే అటవీశాఖకు ఫోన్ చెయ్యండి.

నవంబరులో కొండ మీద నిలబడితే నా కళ్లు ఆకాశానికే అతుక్కుంటాయి. అముర్ డేగలు దాటే నెల అది. సైబీరియా ఆగ్నేయాన, చైనా ఉత్తరాన పుట్టి, నాగాలాండ్‌లో ఆగి, మన ద్వీపకల్పం మీదుగా అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా దక్షిణానికి పోతాయి. నూటయాభై గ్రాముల పిట్ట ఎక్కడా వాలకుండా సముద్రం దాటుతుంది. అదే కాలంలో అదే సముద్రం మీదుగా పోయే తూనీగలు దానికి దారిలో తిండి అని ఒక ఊహ ఉంది. 2012లో నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర ఈ డేగలను వలలు వేసి వేలకు వేలు పట్టి అమ్మారు. ఆ దృశ్యాలు బయటికొచ్చాక పాంగ్తీ, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు కూర్చుని మాట్లాడుకుని, ఇక పట్టొద్దని తీర్మానించుకున్నారు. 2013లో ఆ వేట ఆగింది. వలలు కట్టిన చేతులే కాపలాకు వచ్చాయి. ఊళ్లు అనుకుంటే ఒక్క ఏడాది చాలని నాకు ధైర్యం వచ్చింది అక్కడి నుంచే.

ఆ ధైర్యం ఇక్కడ ఇప్పుడు అవసరం. 2023లో వచ్చిన దేశ పక్షుల స్థితి నివేదిక 942 జాతులను పరిశీలించింది. దూరాల నుంచి వలస వచ్చే పిట్టలు తగ్గిపోతున్నాయని చెప్పింది. మన పాలపిట్ట కూడా తగ్గుతోందని, దానికి ఉన్న ప్రమాదం ఎంతో అంతర్జాతీయంగా మళ్లీ అంచనా వెయ్యాలని సూచించింది.

మా కాలనీ చెరువు విషయానికొస్తే, పూడిక తీయడం మంచిదే, రైతు పొలానికి ఆ ఒండ్రు బంగారం. నాకు బాధ కలిగించేది సుందరీకరణ. అంచులు నిట్టనిలువుగా చెక్కి, రాతి కట్టడం కట్టి, చుట్టూ నడకదారి, దాని పక్కన రాత్రంతా వెలిగే దీపాలు. నీళ్లు ఎంత తగ్గినా బురద తేలదు, రాయే తేలుతుంది. చెరువు మిగులుతుంది, శిఖం పోతుంది. ఈత కొట్టే నీటికాకులకు అది చాలు. నడిచి మేసే పిట్టలకు అక్కడ ఏమీ లేదు. మా చెరువుకు మూడు వైపులా రాయి వచ్చింది. నాలుగో వైపు భూమి తగాదా వల్ల ఆగింది. ఇప్పుడు ఉల్లంకులూ తోకాడించే పిట్టలూ ఉన్నది ఆ నాలుగో వైపునే. ఈ మధ్యే తగాదా తీరిందనీ, పని మొదలవుతుందనీ విన్నాను.

వచ్చే ఆదివారం కాలనీ సంఘం సమావేశం ఉంది. ఏ నెలలో ఏ పిట్ట ఎక్కడ మేస్తుందో గీసిన చెరువు పటం తీసుకుని వెళ్తున్నాను. నడకదారిని అడ్డుకోవాలని లేదు. ఆ ఒక్క వైపు దారిని కట్ట వెనక్కి జరపమనీ, అక్కడ దీపాలు పెట్టొద్దనీ, అంచును వాలుగానే వదలమనీ అడగాలి. చేపలు పట్టే సంఘం వాళ్లు కూడా వస్తామన్నారు. వాలు అంచు ఉంటే వలలు లాగడానికి వాళ్లకూ సులువు. సమావేశం ముందు రోజు పొద్దున్నే, రావాలనుకున్న వాళ్లందరినీ ఆ అంచుకు తీసుకెళ్లి చూపిస్తాను.