పచ్చిక కోసం కట్టిన పైకప్పు

లండను నగరానికి నైరుతి దిశలో, చర్చి రోడ్డు పక్కన ఉన్న వింబుల్డన్ టెన్నిస్ ప్రాంగణం పేరు మన కుటుంబాలలో వినని వారుండరు. ఇటీవల దానిని దర్శించే అవకాశం నాకు లభించింది. పోటీలు లేని రోజులలో మార్గదర్శకుల వెంట వెళ్ళి చూడవచ్చు. సెంటర్ కోర్టు గ్యాలరీలో నిలిచిన క్రీడాభిమాని చూపు కోర్టు మీద నిలుస్తుంది. ఇంజనీరు చూపు పైకప్పు మీదికి పోతుంది.

ఈ పోటీలు 1877లో వర్పుల్ రోడ్డులోని పాత మైదానంలో ఆరంభమయ్యాయి. అక్కడ ప్రధాన కోర్టు నట్టనడుమ ఉండేది కనుక సెంటర్ కోర్టు అన్నారు. 1922లో ప్రాంగణం ఇక్కడికి మారినపుడు పేరు కూడా వెంట వచ్చింది. 1980లో ఉత్తరాన మరి నాలుగు కోర్టులు చేరిన తరువాతనే ఆ పేరు మళ్ళీ సార్థకమైంది.

స్టాన్లీ పీచ్ రూపొందించిన ఈ కట్టడాన్ని ఐదవ జార్జి చక్రవర్తి ప్రారంభించిన నాడే వాన ఆటకు అడ్డు తగిలింది. 1940 అక్టోబరులో శత్రు విమానాల బాంబు పైకప్పును ఛేదించి, సుమారు 1200 ఆసనాలను ధ్వంసం చేసింది. 1946లో ఆటలు తిరిగి మొదలైనా, మరమ్మతులు ముగిసేసరికి 1949 వచ్చింది. 1979లో పైకప్పును ఒక మీటరు పైకెత్తి, వెయ్యికి పైగా ఆసనాలు చేర్చారు. ఇన్ని మార్పులు జరిగినా వాన సమస్య మాత్రం తీరలేదు.

గ్యాలరీల మీద కప్పు ఉండేది. కోర్టు మీద ఆకాశమే. దానిని మూయడం పైకి సులభంగా కనిపించే పని. కాని ఇక్కడ ఆడేది 8 మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరించిన సజీవమైన పచ్చిక మీద. దానికి ఎండ కావాలి, గాలి కావాలి. అందుకే శాశ్వతమైన కప్పు పనికిరాదు. అవసరమైనపుడు మూసి, తక్కిన కాలమంతా తెరచి ఉంచగల కప్పు కావలసి వచ్చింది.

పోటీలకు ఆటంకం కలగకుండా పనులను దశలుగా విభజించారు. మన కర్మాగారాలలో షట్‌డౌన్ల నడుమ పునరుద్ధరణ చేపట్టే పద్ధతి వంటిదే ఇది. 2006 పోటీల అనంతరం పాత కప్పును తొలగించారు. 2007లో ప్రేక్షకులు ఎండకూ వానకూ ఓర్చి ఆటను చూశారు. 2009 నాటికి కదిలే కప్పు సిద్ధమైంది. సుమారు 77 మీటర్ల పొడవైన పది ఉక్కు ట్రస్సుల నడుమ, వెలుతురును ప్రసరింపజేసే వస్త్రం అకార్డియన్ తిత్తిలా ముడుచుకుంటుంది. పది నిమిషాలలోపు కోర్టు మూతపడుతుంది.

అసలు చిక్కు ఆ తరువాతనే. పదిహేను వేల మంది శ్వాసలోని తేమ మూసిన ఆవరణలో చేరి పచ్చిక మీద మంచుగా దిగితే, ఆటగాని కాలు జారుతుంది. కనుక గాలిని శుద్ధిచేసి, తేమను తొలగించే యంత్ర వ్యవస్థను అమర్చారు. కప్పు మూసిన వెంటనే ఆట మొదలుకాకపోవడానికి కారణం ఇదే. 2009 మే నెలలో నిండు ప్రేక్షకుల నడుమ ప్రదర్శన ఆటలాడించి పరీక్షించిన పిదప, జూన్ 29న పోటీలలో తొలిసారిగా కప్పు మూశారు.

దాని ప్రయోజనం మన తెలుగునాటికీ అందింది. 2015 జూలై 11న మహిళల డబుల్స్ ఫైనల్‌లో హైదరాబాదు క్రీడాకారిణి సానియా మీర్జా, మార్టినా హింగిస్ జంట మూడవ సెట్టులో 2–5తో వెనుకబడి, 5–5కు చేరుకునే వేళకు వెలుతురు మందగించింది. కప్పు మూసి, దీపాలు వెలిగించారు. ఆ తరువాతి రెండు గేములూ ఈ జంటవే. అక్కడ మహిళల డబుల్స్ గెలిచిన తొలి భారతీయురాలిగా సానియా నిలిచింది. కప్పు లేకుంటే ఆ ఫైనల్ మరునాటికి వాయిదా పడేదేమో!

పాతదానిని కూల్చి కొత్తది కట్టడం కన్న, పాతది దేనివలన జీవిస్తున్నదో గుర్తించి దానిని నిలుపుతూ బాగుచేయడం కష్టతరమైన విద్య. పాత యూనిట్ల ఆధునికీకరణ బాధ్యత వహించే మనందరికీ ఇది అనుభవంలో ఉన్నదే. వింబుల్డన్‌లో ఆ మూలవస్తువు అరచేతి మందమైనా లేని పచ్చిక. అంతటి ఉక్కూ, అన్ని యంత్రాలూ దాని సేవకే నియుక్తమయ్యాయి. లండను వెళ్ళే మిత్రులు ఈ ప్రాంగణానికి ఒక పూట కేటాయించవలసినదిగా నా మనవి.