కమాన్ కుంగితే...
రాజీవ్ రహదారి మీద నడుం వాలిన పాత లారీలు మీరూ చూసే ఉంటారు. ఫార్సీలో కమాన్ అంటే విల్లు. ఏళ్ల తరబడి బరువు మోసి కమాన్ పట్టీల వంపు పోతే బండి వెనక భాగం కుంగుతుంది. సుల్తానాబాద్ మిల్లుల బియ్యం మోసే మా చిన్నాన్న లారీ ఖాళీగా ఉన్నా అలాగే ఉండేది.

"కొత్త కట్టలంటే మళ్ల అప్పే" అని చిన్నాన్న దిగులు.

పెద్దపల్లి మేస్త్రీ రెండు వైపులా కట్టలు విప్పించాడు. ఒకవైపే సరిచేస్తే బండి ఒరుగుతుందట. పట్టీలు విడదీసి తుడిస్తే, ఒకదానికి సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర సన్నని పగులు. వెల్డింగు చేయమంటే ససేమిరా అన్నాడు. ఆ వేడికి ఉక్కు పెళుసై, లోడు మీద విరుగుతుంది. అదొక్కటే కొత్తది వేసి, మిగతావి దిమ్మె మీద సుత్తితో కొట్టి మళ్లీ వంపు తెచ్చాడు. అరిగిన బుష్‌లు, బోల్టులు మార్చాడు. కొత్త కట్టలంత కాలం రావని ముందే చెప్పాడు, అది నాకు నచ్చింది.

"ఇంకో రెండు పట్టీలెయ్యి, లోడు ఎక్కువ పడ్తది" అన్నాడు చిన్నాన్న.

"పట్టీలేస్తనే. మరి ఇరుసుకు, బ్రేకులకు ఏమెయ్యాలన్నా?"

చిన్నాన్న మాట్లాడలేదు.

"రెండు ట్రిప్పులైనంక రా. యూ బోల్టులు మళ్ల బిగియ్యాలె."