శాశ్వత చిరునామా

కాలేజీలో చేరిన రోజు నుంచి ఈనాటి వరకు ఎన్ని దరఖాస్తులు నింపామో మనలో ఎవరికీ లెక్క ఉండదు. అడ్మిషనుకొకటి, హాస్టలుకొకటి, స్కాలర్‌షిప్పుకొకటి, పరీక్షకొకటి. ప్రతిదానిలోనూ రెండు గళ్ళుంటాయి. ఒకటి ప్రస్తుత చిరునామా, రెండవది శాశ్వత చిరునామా. మొదటి గడిలో హాస్టలు గది నంబరు, రెండవ గడిలో తెనాలి దగ్గర మా ఊరు. ఆలోచించకుండానే చెయ్యి రాసేస్తుంది. ఆ రెండవ గడి దగ్గర నా కలం ఒకనాడు ఆగుతుందని అనుకోలేదు. ఆగేటట్టు చేసినవారు అమెరికాలో ఉన్న మా పెదనాన్న, పెద్దమ్మ.

పెదనాన్న 1983లో ఎం.ఎస్. చదవడానికి వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ నగరం. ఉద్యోగం, సొంత ఇల్లు, ఒక కూతురు, ఒక కొడుకు. 2024లో రిటైరయ్యారు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఆయన దగ్గర్నుంచి ఫోను రావడం మా ఇంట్లో కాఫీ అంత మామూలు విషయం. 2025 సంక్రాంతి సెలవుల్లో నేను ఇంట్లో ఉండగా ఆయన మూడు కబుర్లు చెప్పారు. సియాటిల్‌లో ఉన్న అక్కయ్యకు ఆగస్టులో రెండో కాన్పు. పెద్దమ్మకు మే నెలలో మోకాలి ఆపరేషన్. మూడోది కాస్త ఆగి చెప్పారు.

"ఇల్లు అమ్మేస్తున్నాం. బండి కొన్నాం. ఇకనుంచి బండిలోనే కాపురం."

మా నాయనమ్మకు ఎనభై ఆరేళ్ళు. ఫోను దగ్గరకు లాక్కుని, "ఏందిరా పెద్దోడా, అప్పులపాలయ్యావా?" అని అడిగింది.

ఆయన నవ్వి బండి చూపించారు. రిక్రియేషనల్ వెహికల్ అంటారట, పొట్టిగా ఆర్.వి. ఇంజనుతో సహా బస్సులా ఉండేవి కొన్ని, వేరే వాహనం వెనక తగిలించి లాగేవి కొన్ని. పెదనాన్న కొన్నది రెండో రకం. ముప్పై నాలుగడుగుల పొడవు. రోడ్డు మీద ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు మించకూడదు గనుక, ఆపిన తరువాత మీట నొక్కితే గోడ బయటికి జరిగి గది విశాలమవుతుంది. మంచం, వంటిల్లు, స్నానాల గది అన్నీ ఉన్నాయి. అట్లా ఏడాది పొడవునా బండిలోనే ఉండేవాళ్ళను అక్కడ ఫుల్‌టైమర్లు అంటారు.

"అంటే ఎండాకాలం మన చేలో మంద కట్టే గొర్రెలోళ్ళ లాగానా?" అంది నాయనమ్మ.

"అంతేనమ్మా," అన్నారు పెదనాన్న.

ఆ రాత్రి నాన్న నన్ను వసారాలోకి పిలిచి మెల్లగా అడిగాడు. "అబ్బాయ్, వాడికి నిజంగా ఏమన్నా ఇబ్బందొచ్చిందేమో, కాస్త కంప్యూటర్లో చూడు."

చూశాను. నాన్న అనుమానం ఊరికే పోలేదు. 2008 ఆర్థిక మాంద్యం తరువాత ఇళ్ళూ ఉద్యోగాలూ పోగొట్టుకుని, అరవై దాటిన వయసులో వ్యానుల్లో ఉంటూ, ఎక్కడ పని దొరికితే అక్కడికి పోయేవాళ్ళు ఆ దేశంలో ఉన్నారు. వాళ్ళ గురించి జెస్సికా బ్రూడర్ అనే పాత్రికేయురాలు 2017లో 'నోమాడ్‌లాండ్' అనే పుస్తకం రాసింది. దాన్ని సినిమాగా తీస్తే 2021లో ఆస్కార్ బహుమతి కూడా వచ్చింది. కానీ కావాలని ఇల్లు అమ్ముకుని బయలుదేరే పెన్షనర్లు కూడా ఉన్నారు. మా పెదనాన్న ఈ రెండో జాబితాలో వారే. నాన్నకు అదే చెప్పాను. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు గాని ముఖం తేరుకోలేదు. కారణం నాకు తెలుసు. మేము చేసే నాలుగెకరాల్లో రెండెకరాలు పెదనాన్న పేరున ఉన్నాయి. అక్కడి ఇల్లే అమ్మేసినవాడు ఇక్కడి పొలం ఉంచుతాడా?

ఆనాటి నుంచి ఆదివారాలు నాకు ప్రయోగశాలలుగా మారాయి. పెదనాన్న బండిలో ఒక్కొక్క భాగం చూపించేవారు. మంచినీళ్ళకొక ట్యాంకు, వంటింటి, స్నానాల నీళ్ళకొకటి, మరుగుదొడ్డికి ఇంకొకటి. పంటకాలువ, మురుగుకాలువ కలవకూడదని తెలిసిన మా నాన్నకు ఆ సంగతి నాకంటే ముందే అర్థమైంది. మంచినీళ్ళ ట్యాంకు 60 గాలన్లు. అంటే 227 లీటర్లు, అంటే 227 కిలోల బరువు. నింపుకుని బయలుదేరితే ఇద్దరు ముగ్గురు మనుషుల్ని అదనంగా మోసినట్టే! 30 ఆంపియర్ల కనెక్షన్ దొరికిన చోట 120 వోల్టుల మీద 3,600 వాట్లు మించకూడదు. ఏసీ, మైక్రోవేవ్, పెద్దమ్మ మిక్సీ ఒకేసారి వేశారంటే చీకటే.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఆ ఫ్రిజ్. దానికి మోటారు లేదు. గ్యాసు మంటతో చల్లబడుతుంది. మంట పెట్టి చల్లదనం పుట్టించడమేమిటని మీకూ సందేహం రావచ్చు. అమ్మోనియా కలిసిన నీటిని వేడి చేస్తే అమ్మోనియా ఆవిరై విడిపోతుంది. అది చల్లబడి ద్రవమై, హైడ్రోజన్ వాయువు ఉన్న గొట్టంలో మళ్ళీ ఆవిరయ్యేటప్పుడు చుట్టుపక్కల వేడిని లాగేసుకుంటుంది. తరువాత తిరిగి నీటిలో కలుస్తుంది. 1922లో దీన్ని కనిపెట్టినవారు స్వీడన్‌లో వాన్ ప్లాటెన్, మూంటెర్స్ అనే ఇద్దరు, అప్పటికి ఇంకా విద్యార్థులే! మన ల్యాబుల్లో కూర్చుని ఈ మాట తలుచుకుంటే కొంచెం సిగ్గు, కొంచెం ఉత్సాహం కలుగుతాయి. అయితే ఒక షరతు. లోపలి ద్రవం తనంతట తానే పల్లానికి జారాలి కనుక బండి మట్టంగా నిలబడాలి. ఒక పక్కకు ఒరిగితే ఫ్రిజ్ చెడిపోతుంది. ఎక్కడ ఆగినా ముందు రసమట్టం పెట్టి, చక్రాల కింద చెక్కలు వేసి, మట్టం చూసుకోవాలి. నాట్లకు ముందు దమ్ము చేసి మడి మట్టం చేసుకునే మా ఇంట్లో ఈ మాట అందరికీ నచ్చింది.

కానీ ఇల్లు ఖాళీ చేయడమంటే భౌతికశాస్త్రం ఒక్కటే కాదు కదా! బండి మోయగల బరువుకు హద్దుంది. పెద్దమ్మ వంటింటి తక్కెడ తెచ్చి ప్రతి వస్తువూ తూచి, చీటీ అంటించి, తీసుకెళ్ళేవీ వదిలేసేవీ వేరు చేసింది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురం! పట్టుచీరలు అక్కయ్యకు. సోఫాలు, మంచాలు గరాజ్ సేల్‌లో అయినకాడికి. కరివేపాకు మొక్క దగ్గర మాత్రం ఆమె ఏడ్చింది. చలికాలం లోపలికి, వేసవిలో బయటికి మోస్తూ పదేళ్ళు పెంచిన మొక్క. నిమ్మ, బత్తాయి తోటలను నాశనం చేసే తెగులును వ్యాపింపజేసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. అందుకని ఆ మొక్కను రాష్ట్రాలు దాటించడం మీద ఆంక్షలున్నాయి. పక్కింటివాళ్ళకు ఇచ్చేసింది.

"ఇంత బాధ ఎందుకు పెద్దమ్మా, మానెయ్యకూడదూ?" అన్నాను.

"ఈ దేశమొచ్చి ఇన్నేళ్ళయిందిరా. నేను చూసింది ఇల్లు, ఆఫీసు, గుడి, ఇండియన్ స్టోరు. నడవగలిగిన రోజులు ఇంకెన్ని ఉంటాయి? మోకాలు బాగుచేయించుకునేది కూర్చోడానికి కాదుగా," అంది.

వాళ్ళబ్బాయి, అంటే మా అన్నయ్య, చికాగోలో ఉంటాడు. అతనికి ఈ పని బొత్తిగా ఇష్టం లేదు. "పండగకు నేను ఇంటికి రావాలంటే ఎక్కడికి రావాలి?" అని తండ్రిని నిలదీశాడట. పెదనాన్న జవాబు చెప్పలేకపోయారు. ఆ మాట విని నాన్న ఒక్కటే అన్నాడు, "అన్నయ్య వెళ్ళినప్పుడు అమ్మ ఇట్టా అడగలేకపోయింది."

ఇంకొక చిక్కు చూడండి. చక్రాల మీద బతికేవాడికైనా ప్రభుత్వం చిరునామా అడుగుతుంది. డ్రైవింగ్ లైసెన్సు, బండి రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు, ఓటు, పన్ను, ప్రతిదానికీ ఏదో ఒక రాష్ట్రం తనదని చెప్పుకోవాలి. రాష్ట్ర ఆదాయపు పన్ను లేని టెక్సస్, ఫ్లోరిడా, సౌత్ డకోటాలను ఎక్కువమంది ఎంచుకుంటారు. టెక్సస్‌లో లివింగ్‌స్టన్ అనే ఊళ్ళో ఎస్కేపీస్ అనే సంఘం ఉంది. 1978లో మొదలైంది. సభ్యుల ఉత్తరాలు అక్కడికి చేరితే, వాళ్ళు ఎక్కడుంటే అక్కడికి పంపిస్తుంది. పెదనాన్న అదే తీసుకున్నారు. ఏనాడూ కాపురముండని ఊరు ఆయనకు శాశ్వత చిరునామా అయింది!

ఏప్రిల్‌లో ఇల్లు అమ్ముడుపోయింది. ఆ ఆదివారం పెదనాన్న, "తమ్ముడూ, ఆ రెండెకరాల సంగతి..." అన్నారు. నాన్న కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"నీ పేర రాసిద్దామని చాలాసార్లు అనుకున్నా. ఇప్పుడు ఇల్లు కూడా పోయాక మనసొప్పడం లేదురా. కౌలు నాకు పైసా వద్దు. నేను పోయిందాకా నా పేరున ఉండనీ."

"అట్టాగే అన్నయ్యా," అన్నాడు నాన్న.

నిజం చెప్పొద్దూ, నాకు కోపం వచ్చింది. ఉండటానికి కాదు, ఉందని అనుకోవడానికి ఒకరికి రెండెకరాలు. ఎండలో, వానలో నిలబడేది ఇంకొకరు. పంటరుణానికి వెళ్తే పాసుపుస్తకం ఎవరి పేరని బ్యాంకులో అడిగినప్పుడు తలవంచుకునేది మా నాన్న. రెండు రోజులు ఊరు దాటాలంటే గేదెలకు మనిషిని వెతుక్కోవలసిన ఆయన, దేశమంతా తిరిగేవాడి కోసం పొలం కాపలా కాయాలా?

జూన్‌లో అటునుంచి వచ్చిన బంధువులు ఒక అట్టపెట్టె తెచ్చిచ్చారు. అందులో తాతయ్య ఫోటో, ఒక ఇత్తడి గుండిగ. 1987లో పెద్దమ్మ కాపురానికి వెళ్ళేటప్పుడు నాయనమ్మ ఇచ్చిన గుండిగ అది. దానికి పెద్దమ్మ చీటీ ఇంకా అంటుకునే ఉంది: "3.4 కేజీలు."

నాయనమ్మ చీటీ నాచేత చదివించుకుని, "దీన్ని తూకమేసిందా!" అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఆమే చీటీ గీకేసి, చింతపండు పెట్టి తోమి, అటక మీద పెట్టించింది. "ఉండనీ. వచ్చినప్పుడు వాళ్ళకు వండిపెట్టడానికి పనికొస్తుంది."

సాయంత్రం చేను గట్టు మీద నాన్న తనే ఎత్తాడు. "పొలం కూడా అట్టాంటిదే అనుకోరా. వాడు మొయ్యలేడు, పారెయ్యలేడు. మన దగ్గర పెట్టాడు."

"మరి బ్యాంకు సంగతి?"

"అది వేరు. దానికి వాడి చేత సంతకం పెట్టించాలి. ఈ ఆదివారం అడుగుతా. అన్ననడగడానికి సిగ్గేంటి?"

అడిగాడు. కాగితాలు పంపమన్నారు పెదనాన్న. "ఇన్నేళ్ళూ చెప్పలేదేంరా?" అని నొచ్చుకున్నారు కూడా. మా ఇంట్లో ఇన్నేళ్ళు ఎవరూ నోరు విప్పని విషయం నాలుగు నిమిషాల్లో తేలిపోయింది.

మొన్న ఎం.ఎస్సీ. ఎంట్రన్సుకు దరఖాస్తు నింపుతూ రెండవ గడి దగ్గర ఆగిపోయాను. రేపు నేను ఎక్కడుంటానో నాకే తెలియదు. మనలో చాలామంది పరిస్థితి ఇదే కదా! అయినా ఆ గడిలో మా ఊరు ఎందుకు రాయగలుగుతున్నాను? నేను అక్కడ ఉన్నందుకు కాదు, నాన్న అక్కడ ఉండిపోయినందుకు. శాశ్వతం అనే మాట ఇంటి గోడలది కాదు, ఎవరో ఒకరు కదలకుండా ఉండటం వల్ల మిగతావాళ్ళకు దక్కుతున్నది. ఆ ఉండిపోయినవాడి బరువు ఎవరూ తూచి చీటీ అంటించరు. వెళ్ళినవాళ్ళే అప్పుడప్పుడూ అడిగి తెలుసుకోవాలి. చిరునామా రాశాను. ఆ రాత్రే నాన్నకు ఫోను చేసి, ఏ పనీ లేకుండానే అరగంట మాట్లాడాను.

పెదనాన్న, పెద్దమ్మ జులైలో బయలుదేరారు. సియాటిల్‌లో మనవరాలిని ఎత్తుకుని, చలి ముదరకముందే దక్షిణానికి దిగారు. అరిజోనాలో క్వార్ట్‌సైట్ అనే చిన్న ఊరి దగ్గర ఎడారిలో, సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ప్రభుత్వ భూమిలో బండి పెట్టుకోనిస్తారట. నవంబరులో అక్కడినుంచి ఫోను చేశారు. వెనక ఎర్రటి కొండలు, ముందు మడతకుర్చీలో పెద్దమ్మ.

తిన్నావా, నిద్రపోయావా అని నాయనమ్మ ఇప్పుడు అడగడం లేదు. ఆమె ప్రశ్న మారింది.

"మట్టం కుదిరిందా పెద్దోడా?"

"కుదిరిందమ్మా," అన్నారు పెదనాన్న.