కీసరగుట్ట కాలిబాట

పర్వతమంటే హిమాలయమే అనేవారితో నాకు పేచీ లేదు. కాని నాగారంలో కాపురముండేవాడికి ఆదివారం నాడు హిమాలయం అందదు. అందేది కీసరగుట్ట. కొండ అని పిలిస్తే దానికే మొహమాటం కాబోలు, మన పెద్దలు గుట్ట అని సరిపెట్టారు.

పైదాకా మోటారు దారి ఉన్నది. శివరాత్రి జాతరకు వచ్చే జనానికి అది కావలసిందే. మోకాళ్ల నొప్పులతో బాధపడే మా ఆవిడకూ కావలసిందే. నేను మాత్రం మనవణ్ణి వెంటబెట్టుకుని నడిచే ఎక్కుతాను. కారులో వెళ్లినవారికి గుడి కనబడుతుంది. నడిచి వెళ్లినవారికి గుడితోపాటు గుట్ట కూడా కనబడుతుంది.

సీతాఫలం పొదల మధ్య, తంగేడు పూల పక్కగా నాలుగడుగులు వేశామో లేదో, బండలు ఎదురవుతాయి. ఏనుగంత రాయి ఒకటి మరో రాయి నెత్తిన కూర్చుని ఉంటుంది.

"ఇది దొర్లిపోదా తాతయ్యా?" అన్నాడు మావాడు.

దొర్లదు. ఇది సుమారు 250 కోట్ల ఏళ్లనాటి నల్లరాయి. భూగర్భంలో పుట్టింది. పైనున్న పొరలు యుగాల తరబడి అరిగిపోగా, బరువు తగ్గి, అడ్డంగా నిలువుగా బీటలు వారింది. ఆ బీటల్లో నీరు దిగి మూలలు కొరుక్కుతిన్నది. మెత్తబడిన మట్టి వానలకు కొట్టుకుపోయింది, గుండ్రాళ్లు మిగిలాయి. ఆ రాతిని ఎవరూ ఎత్తి అక్కడ పెట్టలేదు. అది ఉన్నచోటనే ఉన్నది, చుట్టూ ఉన్నదే వెళ్లిపోయింది.

"అయితే హనుమంతుడు విసరలేదా?" అని వాడు దిగాలుపడ్డాడు.

లింగం కోసం రాములవారు హనుమను కాశీకి పంపారట. ఆలస్యమైతే ముహూర్తం మించిపోతుందని శివుడే ప్రత్యక్షమై లింగం ఇచ్చాడట. తీరా వచ్చిన హనుమ అలిగి, తాను తెచ్చిన లింగాలను విసిరివేశాడట. గుట్ట మీద చెల్లాచెదురుగా ఉన్న లింగాలు అవేనంటారు. ఆయన తండ్రి కేసరి పేరిట ఇది కేసరిగిరి అయి, కీసర అయిందని స్థలపురాణం. "రాళ్లది ఒక కథ, లింగాలది మరో కథ; నీకు రెండూ ఉన్నాయిరా" అన్నాను. వాడి ముఖం వికసించింది.

మూడో కథ మనుషులది. పురావస్తు శాఖవారు తవ్వితే ఇక్కడ విష్ణుకుండినుల కాలపు ఇటుక కట్టడాలు బయటపడ్డాయి. ఒక బండ మీద 'తొలుచువాండ్రు' అన్న మాట చెక్కి ఉన్నది. దొరికిన తొలి తెలుగు మాటల్లో ఇదొకటని పండితులంటారు. రాజు పేరు కాదు, దేవుడి పేరు కాదు. రాయి తొలిచే పనివాళ్లు! పదిహేను వందల ఏళ్లనాటి ఆ మాట తెలుగు చదవను వచ్చిన ఏ పిల్లవాడికైనా ఇవాళ అర్థమవుతుంది.

ఈ కాలపు తొలుచువాండ్రు వేరు. హైదరాబాదు చుట్టూ ఎన్ని గుట్టలు మందుగుండుకు పగిలి, కంకరై, మన ఇళ్ల పునాదుల్లోకి చేరాయో! వారు చెక్కి వెళ్లే మాట ఏదీ ఉండదు, చెక్కడానికి బండే మిగలదు. ఈ రాళ్లను కాపాడాలని 1996లో నగరంలో ఒక సంఘం వెలసింది. అందులో ముందు నిలిచి పనిచేసిన ఫ్రౌకె క్వాదర్ జర్మనీ ఆడపడుచు కావడం విశేషం.

ఆ దేశంలో పెద్దగా ఎత్తులేని కొండలకు కూడా ఎంత మర్యాద! బ్లాక్ ఫారెస్టు కొండల సంఘం 1864లోనే పుట్టింది. 1900లో ఆ సంఘంవారు వేసిన వెస్ట్‌వెగ్ అనే కాలిబాట దాదాపు 285 కిలోమీటర్లు. దారి పొడుగునా ఎర్రని డైమండు గుర్తులు. ఎవరినీ అడగకుండా నడిచిపోవచ్చు.

మన గుట్టకు అంత హంగు అక్కరలేదు. నాలుగు బండల మీద నాలుగు గుర్తులు, తోవన ఒక నీళ్ల కుండ చాలు. అంతకన్నా ముఖ్యం, నడిచే కాళ్లు. పదిమంది నడిచే బాటను మూయడానికి పదిసార్లు ఆలోచిస్తారు. ఎవరూ నడవని బాట మూసుకుపోతే అడిగే దిక్కుండదు. వచ్చే ఆదివారం పిల్లలను తీసుకుని, పులిహోర మూట కట్టుకుని బయలుదేరండి. మోకాళ్లు సహకరిస్తే కారును కిందనే ఉంచండి.